పంచశీలలో ఉన్న ‘వాద’



నాలుగో శీలం చెప్పుకునేటప్పుడు ‘ముసావాద’ అంటాం కదా. ముసా అంటే అబద్ధం. మరి వాద అంటే? ‘వద్’ అనే ధాతువు నుంచి వచ్చింది. మాట్లాడటం అని అర్థం, అంతే. తర్వాత్తర్వాత కారణం చూపించి చెప్పే మాట వాదం అయింది. ఒక సిద్ధాంతం పట్టుకుని నిలబడితే అదీ వాదమే, థేరవాదం అన్న పేరు అలా వచ్చిందే. కోర్టులో వాది, ప్రతివాది కూడా ఈ ఇంటివాళ్ళే.

మన ఇళ్ళల్లో మాత్రం ఈ మాటకి చెడ్డపేరు. ‘పెద్దోళ్ళతో వాదులాడకు’ అని దెబ్బలు తిన్నవాళ్ళమే చాలామందిమి. మా పేటలో పెద్దోళ్ళంటే ఇంట్లోవాళ్ళే కాదు, కూలి ఇచ్చే కామందులు కూడా. ఎదురు మాట్లాడితే మర్నాడు పని ఉండదు. అందుకే మా అమ్మ నా నోరు మూసేది. ఆవిడ భయం తప్పని నేననను.

న్యాయసూత్రాలు మూడు రకాలు చెప్పాయి. నిజం తేల్చుకోడానికి చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం. తన మాటంటూ లేకుండా ఎదుటివాడిది పడగొట్టడమే పనిగా పెట్టుకుంటే వితండం. తిట్టాల్సింది వితండాన్ని, మనం తిడుతున్నది వాదాన్ని.

అభిధమ్మ పిటకంలో కథావత్థు అంతా ప్రశ్నలూ జవాబులే. దాని అట్ఠకథ మనవైపు వాణ్ణి సకవాది అని, అవతలివాణ్ణి పరవాది అని అంటుంది. ఆ పరవాదుల్లో అంధకులు, అంటే మన ఆంధ్రదేశపు భిక్ఖువులు, చాలా చోట్ల కనిపిస్తారు. చూడండి, తాము ఒప్పుకోని మాటని కూడా రాసి దాచారు! మిలిందపఞ్హలో నాగసేనుడైతే రాజుకే షరతు పెట్టాడు: పండితుడిలా మాట్లాడితే మాట్లాడతాను, రాజులా అయితే మాట్లాడను అని. పండితుడు ఓడినా కోప్పడడు, రాజు కాదన్నవాడికి శిక్ష వేస్తాడు.

మన శంకరం ఊరిపేరు సంఘారామం నుంచి వచ్చిందే. భిక్ఖువులు బతికిన ఆ బొజ్జన్నకొండ మీద, రాక్షసుడని చెప్పి కనుమనాడు రాళ్ళు విసిరే ఆచారం ఏళ్ళ తరబడి సాగింది. చిన్నప్పుడు నేనూ విసిరాను. ఎందుకు కొడుతున్నామని ఎవర్నీ అడగలేదు.

వచ్చే పున్నమికి ఆ కొండ దగ్గరే కూర్చుందాం. మా అమ్మ కూడా వస్తుంది. 1956లో నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో శ్రాద్ధం పెట్టనని ఉంది కదా, మరి పెద్ద పండక్కి చనిపోయిన మా అమ్మానాన్నలకి కొత్తబట్టలు చూపించుకోవద్దా అని అడుగుతోంది. నా జవాబు ఆవిడకి నచ్చలేదు. ముందు ఆవిడనే మాట్లాడనిద్దాం.