పేరు పెట్టే హక్కు ఎవరిది?

ఈ దేశంలో మాకు పేర్లకు కొదవ లేదు. తురకోళ్ళు, సాయిబులు, పాకిస్తానోళ్ళు, చొరబాటుదార్లు. దూది ఏకి బతికినవాళ్ళు తమను నూర్‌బాషాలమని చెప్పుకున్నా ఊరి నోట్లో దూదేకులోళ్ళుగానే మిగిలారు. వీటిలో ఏదీ మేము అడిగి పెట్టించుకున్న పేరు కాదు. 1992 డిసెంబర్ 6 తర్వాత తెలుగులో ముస్లింలు ముస్లింలుగా రాయడం మొదలుపెట్టినప్పుడు ముందుగా అన్నమాట ఒక్కటే: మా గురించి మీరు చెప్పింది చాలు, మేమెవరమో మేమే చెప్పుకుంటాం. దళితులు అంతకుముందే అన్నారు. స్త్రీలు అన్నారు. అస్తిత్వ సాహిత్యమంతా ఈ మాట మీదే నిలబడి ఉంది.

ఇప్పుడు ఆ మాట మన ముందుకే వచ్చి నిలబడింది. హిజ్రాలు, ట్రాన్స్‌జెండర్లు, మగవాణ్ణి ప్రేమించే మగవాడు, ఆడమనిషిని ప్రేమించే ఆడమనిషి, 'మేమెవరమో మేమే చెప్పుకుంటాం' అంటున్నారు. వాళ్ళకు మనం ఏం జవాబు చెబుతాం? మనకు న్యాయమైంది వాళ్ళకు ఎందుకు కాదు?

వాళ్ళు ఎక్కడివాళ్ళో కారు. హైదరాబాద్ హిజ్రాలలో పేరున్న రెండు ఇళ్ళు షహర్‌వాలా, లష్కర్‌వాలా. ఒకటి పాత నగరం పేరు, ఇంకొకటి సికింద్రాబాద్ పేరు. గాయత్రీ రెడ్డి అనే మానవశాస్త్ర పరిశోధకురాలు ఈ జంట నగరాల హిజ్రాల మధ్య తిరిగి 2005లో ఒక పుస్తకం ప్రచురించారు. పుట్టుకతో ఏ మతం వారైనా, హిజ్రాలయ్యాక తమను ముస్లింలమని చెప్పుకునేవారు చాలామంది ఉన్నారని అందులో రాశారు. వాళ్ళు సలామ్ చేస్తారు, దర్గాకు వస్తారు, మన దువా కోరతారు. వాళ్ళు మనల్ని మనవాళ్ళనుకున్నారు. మన నోట మాత్రం వాళ్ళకు కొజ్జా, ఛక్కా అన్న పేర్లే.

పేరు ఎగతాళితో ఆగదు. అది చట్టమవుతుంది. 1871లో బ్రిటిష్ వాళ్ళు చేసిన నేరస్థ తెగల చట్టంలో రెండో భాగమంతా హిజ్రాల గురించే. దాని అడుగుజాడల్లోనే హైదరాబాద్ రాజ్యంలో 1329 ఫసలీలో, అంటే 1919లో, ఒక చట్టం వచ్చింది. అప్పుడు గద్దె మీద ఉన్నది మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. పిల్లల్ని ఎత్తుకుపోతారన్న అనుమానంతో నగరంలోని హిజ్రాల పేర్లు రిజిస్టరు చేయాలంది ఆ చట్టం. చీర కట్టుకుని, నగలు పెట్టుకుని వీధిలో కనబడినా, పాడినా, ఆడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చంది. నిజాం పోయాడు, రాజ్యం పోయింది, రాష్ట్రాలు మారాయి. చట్టం మాత్రం ఉండిపోయింది. 2018లో ట్రాన్స్‌జెండర్ హక్కుల కార్యకర్తలు కోర్టుకెక్కితే 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. నూటనాలుగేళ్ళు పట్టింది.

మనం నిజాం పాలనను తలచుకుంటే ఆసుపత్రులు చెబుతాం, చెరువులు చెబుతాం, ఉస్మానియా విశ్వవిద్యాలయం చెబుతాం. చెప్పాల్సిందే. ఈ చట్టం కూడా అదే పాలనది. అది కూడా మన చరిత్రలో రాసుకోవలసిందే.

ఏ నేరమూ చేయకముందే పోలీసు రిజిస్టరులో పేరెక్కడం అంటే ఏమిటో ముస్లింలకు ఒకరు వివరించి చెప్పాలా? 2007 మే నెలలో మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకు వచ్చిన మనవాళ్ళే చచ్చిపోయారు. పోలీసులు పట్టుకుపోయిందీ మన పిల్లల్నే. తర్వాత కోర్టులు వాళ్ళను నిర్దోషులని వదిలేశాయి గానీ పోయిన చదువులు, పోయిన పెళ్ళిసంబంధాలు తిరిగి రాలేదు. వాళ్ళు చేసిన పనిని చూసి కాదు, పేరును చూసి పట్టుకున్నారు. హిజ్రాను కట్టుబట్టను చూసి పట్టుకున్నారు. రెండూ ఒకే లాఠీ.

భాష సంగతి చూద్దాం. తెలుగు వ్యాకరణంలో మహత్తు, అమహత్తు అని రెండు వర్గాలు. చిన్నయసూరి బాలవ్యాకరణం చదివినవాళ్ళకు తెలుసు. ఏకవచనంలో మగవాడు ఒక పక్క, మిగతా సృష్టి అంతా ఒక పక్క. వాడు వచ్చాడు. ఆడమనిషి వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. ఈ రెండు గదుల ఇంట్లో హిజ్రాకు చోటు లేదు. అందుకే జనం 'వాడు' అని వెక్కిరిస్తారు, లేదా 'అది' అని తోసేస్తారు. కానీ అదే తెలుగులో మూడో తలుపు ఒకటి ఉంది. 'వారు వచ్చారు' అన్నామనుకోండి, వచ్చింది ఆడా మగా అని ఎవరూ చెప్పలేరు. 'గారు'కు లింగం లేదు. 'మీరు'కు లింగం లేదు. తెలుగులో మర్యాద ఇచ్చిన చోటల్లా లింగం అడగడం మానేస్తాం. కాబట్టి మన భాషలో మాట లేదనడం సాకు. మాట ఉంది. ఇవ్వడానికి మనసే లేదు.

పత్రికల్లో వాడే 'స్వలింగ సంపర్కులు' అన్న మాట తీసుకోండి. ఒక ఆడా ఒక మగా పెళ్ళి చేసుకుంటే వాళ్ళను దంపతులంటాం, ప్రేమించుకుంటే ప్రేమికులంటాం. సంపర్కులు అనం. మరి వీళ్ళ దగ్గరికి వచ్చేసరికి మనిషి మొత్తాన్ని పడకకు కుదించే మాట ఎందుకు? ఆ పిల్లవాడికి అమ్మ ఉంది, చదువు ఉంది, భయాలున్నాయి. ఇంట్లో చెప్పుకోవడానికి తన గురించి ఒక్క మర్యాదైన మాట దొరకని పిల్ల లోలోపల ఎంత నలిగిపోతుందో ఆలోచించండి. దీన్ని జబ్బు అనడం కూడా చెల్లదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ ప్రేమను జబ్బుల జాబితాలోంచి తీసేసింది. 2019లో ఆమోదించిన కొత్త జాబితాలో ట్రాన్స్‌జెండర్ అస్తిత్వాన్ని మానసిక రోగాల నుంచి తప్పించింది. 2018 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు 377వ సెక్షన్ కింద అది నేరం కాదంది. జబ్బూ కాదు, నేరమూ కాదు. మిగిలింది మన నోరు.

'మరి దీన్ ఏమంటుంది?' అని అడిగే పెద్దలున్నారు. అడగాల్సిన ప్రశ్నే. స్త్రీ పురుష సంబంధాల మీద ఉలేమా చెప్పే తీర్పు మనకు తెలుసు. దాని మీద వాదం ఇక్కడ ఒక వ్యాసంలో తేలదు. అయితే ఒక పని మీద తీర్పు వేరు, ఒక మనిషిని పిలిచే తీరు వేరు. సూరా హుజురాత్ పదకొండో ఆయత్ ఒక సమూహం మరో సమూహాన్ని ఎగతాళి చేయొద్దంటుంది, చెడ్డ పేర్లు పెట్టి పిలవొద్దంటుంది. ఎవరిని పిలవొచ్చో మినహాయింపు జాబితా అక్కడ లేదు. పాత ఫిఖ్ పండితులు ఆడా మగా తేలని శరీరంతో పుట్టిన 'ఖున్సా' గురించి వివరంగా చర్చించారు. వారసత్వంలో వాటా ఎంత, నమాజులో ఏ వరుసలో నిలబడాలి అని ఆలోచించారు. అంటే వాళ్ళను మసీదు లోపల ఉంచుకునే ఆలోచించారు. తలుపు దగ్గర ఆపేద్దామా అని కాదు.

గతాన్ని బంగారం పూసి చూపించడం కూడా మా ఉద్దేశం కాదు. మొఘల్ అంతఃపురాల్లో ఖ్వాజాసరాలకు అధికారం ఉండేది. మదీనాలో ప్రవక్త మసీదుకు శతాబ్దాల పాటు కావలి కాసిన ఆగాలు కూడా ఖోజాలే. కానీ ఆ గౌరవం వెనక బానిసత్వం ఉంది, చిన్నప్పుడే కత్తి పాలైన శరీరం ఉంది. రాజు ఇచ్చిన గౌరవం రాజుతో పోతుంది. కావలసింది గౌరవం అడుక్కోనక్కరలేని పౌరసత్వం.

'పేర్లు మారిస్తే కడుపు నిండుతుందా?' అని వామపక్ష మిత్రులు అడుగుతారు. నిండదు. 2014లో సుప్రీంకోర్టు తమ లింగమేమిటో తామే చెప్పుకునే హక్కు ట్రాన్స్‌జెండర్లదే అంది. 2019లో పార్లమెంటు చేసిన చట్టం మళ్ళీ కలెక్టరు సర్టిఫికెట్ అడిగింది. కోర్టు మాట ఇచ్చినా కాగితం కోసం ఆఫీసు మెట్లెక్కక తప్పలేదు. 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు చేరారు. 2024 డిసెంబర్‌లో హైదరాబాద్ ట్రాఫిక్ విభాగం ట్రాన్స్‌జెండర్లను అసిస్టెంట్లుగా తీసుకుంది. మంచిదే. అయితే ఆ డాక్టరును రోగి ఏమని పిలుస్తాడు? ఆ ట్రాఫిక్ మనిషిని స్కూటరువాడు ఏమని పిలుస్తాడు? ఉద్యోగం వచ్చాక కూడా రోజూ ఛక్కా అనిపించుకుంటే ఆ ఉద్యోగం నిలుస్తుందా? అన్నం ముందా, పేరు ముందా అన్న తగువు కడుపు నిండి, పేరూ ఉన్నవాళ్ళది. లేనివాళ్ళకు రెండూ ఒకేసారి కావాలి.

ఇక లౌకికవాదులతో ఒక మాట. ఈ ప్రశ్న తీసుకుని ముస్లింల మీదికి కర్రలా ఎత్తకండి. 377వ సెక్షన్ 1860లో ఇంగ్లీషువాళ్ళు రాసింది. కొడుకు నడక చూసి ఇంట్లోంచి గెంటేసే తండ్రి అన్ని మతాల్లో ఉన్నాడు. ముస్లిం హిజ్రాకు ఒక కాలనీలో పేరు చెప్పగానే ఇల్లు దొరకదు, ఇంకో బస్తీలో గొంతు వినగానే ఇల్లు దొరకదు. ఆమెకు మొదటి తలుపు వేసింది మీవాళ్ళు, రెండోది వేసింది మావాళ్ళు. రెండు తలుపులూ తీస్తేనే ఆమెకు ఇల్లు. మా ఇంటి లోపలి కొట్లాట మేము చేసుకుంటాం. మీ ఇంట్లో మీరు చేయండి.

మా ఇంట్లో చేయాల్సిన పనులు పెద్దవేమీ కావు. ఎదుటివాళ్ళు తమ పేరు చెబితే ఆ పేరుతోనే పిలవాలి. తెలియకపోతే అడగాలి, అడిగేదాకా 'మీరు' అనాలి. ఉర్దూ మీడియం బడిలోనో, మదర్సాలోనో నడక వేరుగా ఉన్న పిల్లవాణ్ణి తోటిపిల్లలు ఏడిపిస్తే ఉస్తాద్ ఆపాలి. పండక్కి వచ్చిన హిజ్రాకు చిల్లర విసిరేయకుండా చేతికివ్వాలి. చనిపోతే జనాజాకు నాలుగు భుజాలు దొరకాలి, ఖబ్రస్తాన్‌లో ఆరడుగుల నేల దొరకాలి. బతికుండగా పిలిచిన పేరుతోనే మగ్ఫిరత్ కోరాలి.