పాత గోడలను పడగొట్టే ముందు

ఉన్న కట్టడాన్ని పడగొట్టి కొత్తది కట్టడమే అభివృద్ధి అనీ, పాతదాన్ని బాగుచేసుకుని వాడుకోవడం లేమికి గుర్తు అనీ మనలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. పట్నాలలో అధికారులూ, కాంట్రాక్టర్లూ ఇలాగే అంటారు. విచారణలలో మనమూ ఇలాగే అంటున్నాం. యాభై ఏళ్ళు దాటిన గుడి కనబడితే చాలు, "పడగొట్టి పెద్దది కడదాం ఫాదర్" అనేవారు పదిమంది లేస్తారు. ఇది డబ్బుకూ అందానికీ సంబంధించిన మాట మాత్రమే కాదు, ధర్మాధర్మాల మాట కూడాను.

పాత కట్టడాలను వాడుకోవడం శ్రీసభకు కొత్త కాదు. రోము నగరంలో ఒకప్పుడు అన్యదేవతల ఆలయమైన పాంథియన్‌ను నాలుగవ బోనిఫేసు జగద్గురువులు 609లో మరియమాతకూ వేదసాక్షులకూ అంకితం చేశారు. చుట్టుపక్కల ఎన్నో రోమను కట్టడాలు రాళ్ళకోసం తవ్వుకుపోగా అది నేటికీ నిలిచి ఉన్నదంటే, అందులో పూజ జరుగుతూ ఉండటమే ముఖ్య కారణం. (17వ శతాబ్దంలో దాని వసారా కప్పులోని కంచు దూలాలను ఊడదీసి ఫిరంగులు పోయించినవారు కూడా ఒక జగద్గురువులే. కాబట్టి మనల్ని మనం మరీ పొగుడుకోనక్కరలేదు.)

నిలబడి ఉన్న గోడలో ఎప్పుడో కాల్చిన ఇటుక, ఎవరో మోసిన రాయి ఉన్నాయి. దాన్ని పడగొడితే ఆ శ్రమ చెత్తకుప్పకు పోతుంది, కొత్త గోడకోసం మళ్ళీ అంతా మొదలుపెట్టాలి. ప్రపంచమంతటా మనుషుల పనులవల్ల వెలువడే బొగ్గుపులుసు వాయువులో సుమారు 7, 8 శాతం ఒక్క సిమెంటు తయారీనుండే వస్తోంది. కొత్త భవనం కరెంటు తక్కువ వాడుతుంది కదా అంటారు. నిజమే. కానీ అమెరికాలో 2011లో వెలువడిన ఒక పరిశీలన ప్రకారం, కట్టేటప్పుడు జరిగిన నష్టాన్ని ఆ పొదుపు తీర్చడానికి భవనాన్నిబట్టి 10 నుండి 80 ఏళ్ళు పడుతుంది. అంటే కొన్నిచోట్ల మన మనుమల కాలానికిగాని అప్పు తీరదన్నమాట.

సరే, రాళ్ళను కాపాడాం. మనుషుల సంగతి? పాత పేటను బాగుచేశామని రంగులు వేసి, దీపాలు పెట్టి, అద్దెలు పెంచి, అక్కడే పుట్టి పెరిగిన కూలివారినీ చిన్న వ్యాపారులనూ ఊరి చివరకు పంపేస్తే, దాన్ని పునరుద్ధరణ అని ఎలా అనగలం?

ఫ్రాన్సులోని బోర్డో నగరంలో జరిగిన పని ఇక్కడ చెప్పుకోదగినది. 1960ల తొలినాళ్ళలో కట్టిన మూడు పెద్ద భవనాలు, వాటిలో 530 కుటుంబాలకు ఇళ్ళు. ఇరుకు గదులు, చిన్న కిటికీలు. వాటిని కూలగొట్టకుండా, ముందే పోతపోసిన భాగాలను తెచ్చి బయటివైపు అమర్చి, ప్రతి ఇంటికీ ఒక వెడల్పాటి గాజు వసారాను చేర్చారు. కిటికీల స్థానంలో పెద్ద తలుపులు పెట్టారు, కొత్త లిఫ్టులు వేశారు. పని జరిగినన్నాళ్ళూ ఎవరినీ ఖాళీ చేయించలేదు, అద్దెల భారమూ మోపలేదు. ఆ పని నడిపినవారిలో ఇద్దరు, లకటోన్, వస్సల్ గార్లకు 2021లో భవన నిర్మాణ కళలో ఎంతో పేరున్న ప్రిట్జ్‌కర్ బహుమానం లభించింది. అంతకన్నా నాకు గొప్పగా తోచేది, ఆ ఇళ్ళలోని ముసలివారు తమ పాత ఇరుగుపొరుగుతోనే మిగిలిపోవడం.

దివంగత ఫ్రాన్సిస్ జగద్గురువులు 2015లో వెలువరించిన 'లౌదాతో సీ' విశ్వలేఖలో ఈ విషయాన్ని స్పష్టంగానే ప్రస్తావించారు. పేదలను ఒకచోటినుండి మరొకచోటికి తరలించక తప్పనిపక్షంలో, వారికి ముందుగా సంగతి తెలియజేయాలనీ, మర్యాదగా బతకగల ఇళ్ళలో ఎంచుకునే వీలు ఇవ్వాలనీ, నిర్ణయంలో వారికీ చోటు ఉండాలనీ వారి బోధ.

అలాగని పాతదంతా పవిత్రమనీ కాదు. హైదరాబాదులోని ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం చూడముచ్చటైనది. కాని 2020 జూలైలో వార్డులలోకి వాననీరు చేరితే మంచాలమీద ఉన్నది పేద రోగులే. గోపురాలమీది ప్రేమతో వారిని ఆ నీళ్ళలో ఉంచమనడం న్యాయం కాదు. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. రోగులకు వేరేచోట మంచి వసతి దొరికాక పాత భవనాన్ని మరొక పనికి నిలుపుకోవచ్చు. రెంటిలో ఒకటే సాధ్యమన్నట్టు వాదించుకోవడం అనవసరం.

ఇక మన గుళ్ళ మాట. గుడిని లౌకికమైన పనికి మళ్ళించే విషయంలో శ్రీసభ చట్టం 1222వ నిబంధన మొదట అడిగేదే, అది ఇక పూజకు పనికిరాదా, బాగుచేసే మార్గమే లేదా అని. పైగా ఏ నీచమైన పనికీ దాన్ని వాడరాదని హద్దు కూడా పెట్టింది. మన దగ్గర చాలా గుళ్ళు గానుగ సున్నంతో కట్టినవి. వాటి గోడలకు సిమెంటు పూత పూస్తే చెమ్మ బయటికి పోలేక లోపలే నిలిచి పెచ్చులూడుతుంది. అప్పుడు "గోడ పోయింది" అంటారు. పోయింది గోడ కాదు, పూత. దూలాలను చెదలు తినేసి ఉంటే మాత్రం వేరే సంగతి.

అందుచేత విచారణ పెద్దలు ఇంజనీరును పిలిచినప్పుడు, కొత్తదానికి ఎంతవుతుందని మాత్రమే కాక, మరమ్మతుకు ఎంత, అది ఎన్నేళ్ళు ఆగుతుంది, పడగొడితే ఆ దూలాలూ పెంకులూ ఎక్కడికి పోతాయి, గుడి ఆవరణలో తలదాచుకునేవారు అప్పటిదాకా ఎక్కడుంటారు అన్నవి కూడా రాతపూర్వకంగా తీసుకోవాలి. ఆ కాగితాన్ని చందాల పుస్తకం తెరవకముందే, ఆదివారం పూజ అయ్యాక అందరికీ చదివి వినిపించాలి.