చోటు చేసి ఉంచడం

స్విట్జర్లాండ్‌లోని సాంక్ట్ గాలెన్ మఠ గ్రంథాలయంలో పన్నెండు వందల ఏళ్ల నాటి తోలు పటం ఒకటి ఉంది. ఐదు తోలు ముక్కల్ని కలిపి కుట్టారు. పొడవు 112 సెంటీమీటర్లు, వెడల్పు 77 సెంటీమీటర్ల పైచిలుకు. దాని నిండా ఎర్ర సిరాతో గీసిన సన్నని గీతలు, వాటి మధ్య లాటిన్‌లో చిన్న చిన్న రాతలు. దాదాపు నలభై కట్టడాలున్న ఒక బెనెడిక్టైన్ మఠం నమూనా అది. చర్చి, పడక గది, వంటిల్లు, వైద్యుడి ఇల్లు, కోళ్ల గూడు, సమాధుల తోట, అన్నీ ఉన్నాయి. మంచి బతుకు ఎలా ఉండాలి అన్న ప్రశ్నకు చాలామంది మాటల్లో జవాబు చెప్పారు. ఈ పటం గీసినవాళ్లు గీతల్లో చెప్పారు.

సాంక్ట్ గాలెన్ మఠం కథ 612 ప్రాంతంలో మొదలవుతుంది. గాలుస్ అనే సన్యాసి ష్టైనాఖ్ వాగు దగ్గర అడవిలో కుటీరం వేసుకున్నాడు. వందేళ్ల తర్వాత, 719లో, ఒట్మార్ అక్కడ మఠం నెలకొల్పాడు. 747లో ఆ మఠం బెనెడిక్ట్ నియమావళిని స్వీకరించింది. 816లో మఠాధిపతి అయిన గోత్స్‌బెర్ట్‌కు పాత కట్టడాల చోట కొత్తవి లేపాలన్న తలంపు ఉండేది. 830లో చర్చి పని మొదలుపెట్టాడు కూడా. అంతకు కొన్నేళ్ల ముందు, కాన్‌స్టన్స్ సరస్సులోని రైఖెనావ్ ద్వీప మఠం నుంచి ఆయనకు ఈ పటం అందింది. పంపింది అక్కడి పెద్ద హైటో అని చాలామంది పండితుల నమ్మకం. పటం అంచున చిన్న ఉత్తరం ఉంది. నీకు మా పాఠాలు అవసరమని కాదు, దేవుడి మీద ప్రేమతో, సోదరభావంతో గీశాం, నువ్వే చూసి ఆలోచించుకో అని దాని సారాంశం. ఎలా బతకాలో చెప్పడానికి వచ్చేవాళ్లలో ఇంతటి మర్యాద అరుదు.

ఈ గీతల వెనక ఉన్నది ఆరో శతాబ్దంలో ఇటలీలోని మోంటె కస్సీనోలో బెనెడిక్ట్ రాసిన నియమావళి. చిన్న పుస్తకం, 73 అధ్యాయాలు. రోజును ప్రార్థనకు, పనికి, చదువుకు పంచుతుంది. నీళ్లు, తిరగలి, తోట, చేతిపనులు అన్నీ ప్రాకారం లోపలే ఉండాలంటుంది. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు తినాలో, ఎప్పుడు మౌనంగా ఉండాలో చెబుతుంది. పైపైన చూస్తే కఠినమైన శాసనంలాగే ఉంటుంది. కానీ ప్రతి మలుపులోనూ అది కాస్త ఆగి, తట్టుకోలేనివాడి సంగతేమిటని అడుగుతుంది. భోజనంలో రెండు రకాల వండిన వంటకాలు ఉండాలంటుంది. ఒకటి సహించనివాడు రెండోది తింటాడని కారణం కూడా చెబుతుంది. వంటశాల పని వంతులవారీగా అందరిదీ, కానీ ఒంట్లో సత్తువ లేనివాడికి తోడు ఇవ్వాలి, అతను ఆ పని దిగులుతో చేయకూడదు. పసివాళ్లకూ ముసలివాళ్లకూ ఆకలి వేళలు వేరు కాబట్టి వాళ్లకు ముందే పెట్టాలి. ఇంకొకరి తిండికి కొలత పెట్టాల్సి వచ్చినప్పుడు బెనెడిక్ట్ కొంచెం జంకుతాడు, ఆ జంకును దాచుకోడు.

ఆ జంకే పటంలో గోడలుగా, తలుపులుగా మారింది. చర్చికి దక్షిణాన చతురస్రపు ముంగిలి, దాని చుట్టూ నడవాలు. తూర్పు వైపు కింద వెచ్చదనం కోసం నిప్పు రగిలించే గది, పైన 77 మంచాల పడక గది. కింది వేడి పైకి ఎక్కుతుంది. అర్ధరాత్రి దాటాక ప్రార్థనకు లేచేవాళ్లకు ఆ చలిదేశంలో అదెంత ఆదరువో ఊహించవచ్చు. పడక గది నుంచి ఒక దారి మరుగుదొడ్లకు వెళుతుంది. తొమ్మిది పీటలు గీసి ఉన్నాయి. ఆ గదిలో ఒక మూల, దీపం అని రాసి ఉంది. దేవుడి మహిమను చాటే చర్చిని గీస్తున్న చెయ్యి, నిద్రమత్తులో చీకట్లో నడిచే మనిషి కాలు తడబడకూడదని కూడా తలచింది.

తూర్పు కొసకు వెళితే ఇంకా చాలా ఉంది. ఈశాన్యాన వైద్యుడి ఇల్లు, అందులో మందులు దాచే చోటు, జబ్బు ముదిరినవాళ్లకు వేరే గది. పక్కనే పదహారు మడుల మందుమొక్కల తోట. ప్రతి మడిలోనూ పేరు రాసి ఉంది. లిల్లీ, గులాబీ, రోజ్‌మేరీ, పుదీనా, సదాపాకు, మెంతి, జీలకర్ర, సోంపు... చదువుతుంటే కొన్ని పేర్లు మన వంటింట్లోనివే. ఆ మడుల పక్కన రోగుల నివాసం. దానికి సొంత ముంగిలి, సొంత భోజనశాల, సొంత వంటిల్లు, సొంత స్నానాల గది, సొంత ప్రార్థన మందిరం. మఠంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఏమేమి ఉన్నాయో రోగులకూ చిన్న కొలతలో అవన్నీ ఉన్నాయి. జబ్బు పడినవాణ్ణి ఒక మూల మంచం వేసి పడుకోబెట్టలేదు. బలం తగ్గినవాడికి తగినట్టు మరో చిన్న మఠాన్నే కట్టారు.

రోగుల నివాసానికి వీపు ఆనించినట్టుగా, అచ్చం అదే తీరులో మరో కట్టడం ఉంది. కొత్తగా చేరిన శిష్యులు ఉండేది అందులో. దానికి అవతల సమాధుల తోట. మఠంలో అప్పుడే అడుగుపెట్టిన కుర్రవాడికి ఒక పక్క రోగులు, రెండో పక్క వెళ్లిపోయినవాళ్లు. ఆ తోటలో సమాధుల మధ్య పళ్లచెట్లు నాటారు. యాపిల్, పియర్, ప్లమ్, అత్తి, బాదం, మల్బరీ, వాల్‌నట్. నడుమ ఒక సిలువ. నేల మీది చెట్లన్నిటిలోకీ పవిత్రమైనది ఇదేనని దాని పక్కన రాశారు. దాన్ని ఆనుకునే కూరగాయల తోట. ఉల్లి, వెల్లుల్లి, కొత్తిమీర, ముల్లంగి, క్యాబేజీ, మొత్తం పద్దెనిమిది మడులు. అటుపైన కోళ్లూ పెద్దబాతులూ. చావును ఊరి బయటకు నెట్టకుండా, తిండి పండే నేలకు పక్కనే పెట్టారు. కాయ కోసుకోవడానికి వెళ్లినవాడు పెద్దల మధ్య నుంచే నడిచి వెళ్లాలి.

పడమటి వైపున లోకం లోపలికి వస్తుంది. గొప్ప అతిథులకు ఒక ఇల్లు, బాటసారులకూ బీదవాళ్లకూ వేరొక ఇల్లు. బీదవాళ్ల ఇంటికి కూడా సొంత రొట్టెల పొయ్యి ఉంది. ఎవరు వస్తారో, ఎప్పుడు వస్తారో తెలియదు. తలుపు తట్టేవాడు ఉంటాడని మాత్రం తెలుసు, అందుకే రొట్టె కాలే చోటు ముందే గీసి పెట్టారు.

ఈ పటం ముందు నిలబడి మన రోజుల్ని చూసుకుంటే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మనం కూడా క్రమాన్ని ఇష్టపడతాం. తెల్లవారుజామున లేవాలనుకుంటాం, ఇన్ని గంటలు పని, ఇంత నడక, ఇంత చదువు అని రాసుకుంటాం. కానీ ఆ రాతలన్నీ మనం ఎప్పుడూ గట్టిగానే ఉంటామన్న లెక్క మీద నడుస్తాయి. జ్వరం వచ్చిన రోజుకు అందులో చోటుండదు. చెప్పకుండా వచ్చిన చుట్టానికి చోటుండదు. నెమ్మదిగా నడిచే తల్లికి, ఒకే మాట నాలుగుసార్లు అడిగే తండ్రికి, ఆగకుండా ఏడిచే పసివాడికి చోటుండదు. వాళ్లు వస్తే మన క్రమం చెడిపోయిందని విసుక్కుంటాం. రైఖెనావ్ సన్యాసుల దృష్టిలో అది క్రమం చెడడం కాదు. దానికోసమే క్రమం. రోగి వస్తాడు, బీదవాడు వస్తాడు, చావు వస్తుంది. ముందుగా తెలిసిన వాటికి ముందుగానే గది కట్టాలి.

చోటు లేని క్రమం ఏమవుతుందో అదే మఠం చరిత్రలో ఉంది. 937లో సాంక్ట్ గాలెన్ అగ్నికి ఆహుతైంది. ఆ మఠం సన్యాసే అయిన నాలుగో ఎక్కెహార్ట్ పదకొండో శతాబ్దంలో ఆ సంగతి రాశాడు. బడి పిల్లల్ని దండించాలనుకుని, బెత్తాలు తెమ్మని ఒక కుర్రవాణ్ణి పైకి పంపారట. వాడు దెబ్బలు తప్పించుకోవడానికి అటక మీద నిప్పు పెట్టాడట. నియమావళిలో పసివాళ్ల మీద కనికరం చూపమన్న అధ్యాయం ఉంది. దండించమన్న అధ్యాయమూ ఉంది. ఆ రోజు రెండోదే గుర్తుకు వచ్చింది. భయపడిన పిల్లవాడు వెళ్లి నిలబడడానికి ఆ కట్టుదిట్టాల్లో ఎక్కడా సందు దొరకలేదు.

పటంలో గీసిన మఠాన్ని ఉన్నది ఉన్నట్టుగా సాంక్ట్ గాలెన్‌లో ఎవరూ కట్టలేదు. గోత్స్‌బెర్ట్ తన నేలకు తగినట్టు తన చర్చి కట్టుకున్నాడు. అది కూడా పోయి, పద్దెనిమిదో శతాబ్దంలో బరోక్ శైలిలో నేటి కెథెడ్రల్ లేచింది. 1805లో మఠమే రద్దయింది. పటం మాత్రం ఒక విచిత్రమైన కారణంతో బతికింది. పన్నెండో శతాబ్దంలో ఒక లేఖకుడు దాని వెనక వైపు సెయింట్ మార్టిన్ జీవితకథ రాశాడు. చోటు చాలక, ముందు వైపు ఒక మూల ఉన్న పెద్ద కట్టడాన్ని గీకి చెరిపేసి ఆ జాగాలో కథ ముగించాడు. పుస్తకంలా మడిచి దాచారు కాబట్టి పటం మనదాకా వచ్చింది. 2013 నుంచి జర్మనీలోని మెస్‌కిర్ఖ్ దగ్గర, నాటి పనిముట్లతోనే ఆ మఠాన్ని కట్టే ప్రయత్నం సాగుతోంది.

కట్టకపోయినా ఆ పటం వృథా కాలేదు. మనం వేసుకునే ప్రణాళికల్లో చాలావరకు మనమూ కట్టం. పరిస్థితులు ఒక మూలను చెరిపి తమ కథ రాసుకుంటాయి. అయినా గీయడంలోనే మనిషి స్వభావం బయటపడుతుంది. ఎవరెవరికి గది గీశాం, ఎవరిని మరిచిపోయాం అన్నది అక్కడే తేలుతుంది. కాబట్టి ఒంట్లో శక్తి ఉన్న రోజునే, మనసు కుదురుగా ఉన్న రోజునే, రాబోయే బలహీనతకు కాస్త చోటు వదిలి పెట్టుకోవాలి. రోజులో ఎవరికీ కేటాయించని ఒక గంట, ఇంట్లో ఎవరైనా వచ్చి పడుకోగల ఒక మంచం, ఖర్చుల్లో పేరు రాయని కొంత సొమ్ము, మాటల్లో తప్పు ఒప్పుకోవడానికి వీలైన కొంత జాగా. ఇవి మిగులు ఉంటే చేసేవి కావు. మిగతా గదులన్నీ గీయకముందే వీటిని గీసుకోవాలి, ఎందుకంటే అన్నీ నిండాక వీటికి చోటు ఎప్పటికీ దొరకదు.