వెనక మిగిలే లాగుడు

రాపిడి పుట్టాలంటే రెండు వస్తువులు ఒరుసుకోవాలని మనం అనుకుంటాం. తాకకుండానే రాపిడి పుడుతుందని 1943లో ఖగోళ భౌతిక శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ గణితంతో చూపారు. తేలికైన నక్షత్రాల మధ్య నుంచి బరువైనదొకటి సాగుతుంటే, దాని ఆకర్షణకు వాటి దారులు వంగుతాయి. అది దాటిపోయిన చోట అవి కాస్త దట్టంగా చేరి దాన్ని వెనక్కి లాగుతాయి. అది కోల్పోయిన శక్తి చుట్టుపక్కల వాటికి అందుతుంది. దీన్నే డైనమికల్ ఫ్రిక్షన్ అంటారు.

గెలాక్సీ సమూహాల రూపాన్ని దిద్దే ప్రక్రియల్లో ఇదొకటి. దాదాపు 32 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న కోమా సమూహంలో వెయ్యికి పైగా గెలాక్సీలున్నాయి; వాటి నడుమ రెండు మహాకాయాలు. గెలాక్సీ ఎంత బరువైతే, సమూహమంతా పరుచుకున్న కంటికి కనిపించని పదార్థంలో, అంటే డార్క్ మ్యాటర్‌లో, అంత త్వరగా వేగం కోల్పోయి కేంద్రం వైపు దిగుతుంది. అక్కడ మరొకదానితో కలిసి ఇంకా పెరుగుతుంది. అయితే వేగం హెచ్చితే ఈ పట్టు సడలుతుంది. పెద్ద సమూహాల్లో గెలాక్సీలు సెకనుకు సుమారు 1,000 కిలోమీటర్ల వేగంతో తిరుగుతాయి. అందుకే నిదానంగా కదిలే చిన్న గుంపుల్లోనే విలీనాలు సులువు.

ఇందులో మనకేమైనా నీతి ఉందా? పెద్దది చిన్నదాన్ని కలుపుకుంటుంది కనుక మాత్స్యన్యాయమే ప్రకృతి ధర్మమని ఒకరు అనవచ్చు. కానీ గురుత్వాకర్షణకు ఆశ లేదు, గెలాక్సీకి బాధ లేదు. జరుగుతున్నది జరగవలసినదని ఎలా రుజువవుతుంది?

తాను కదిలించినవే తనను వెనక్కి లాగుతున్నాయి కనుక ఇది కర్మఫలమని మరొకరు అనవచ్చు. ఆ నమ్మకం ఎందరినో మంచి వైపు నడిపింది. అయినా కర్మ అన్నప్పుడు సంకల్పం ఉండాలి కదా. ఇక్కడ అది లేదు. పైగా ఫలితం చేసినదానికే పరిమితం కాలేదు, చుట్టూ ఉన్నవన్నీ చెదిరాయి.

కాబట్టి ఆకాశం మనకు తీర్పు ఇవ్వదు. ఒక ప్రశ్న మాత్రం పదునెక్కుతుంది. డబ్బు, పదవి, పేరు కూడా ఎవరినీ తాకకుండానే ఎందరి దారులనో వంచుతాయి. గెలాక్సీ ఆ సంగతి ఎరగదు, తన దారి మార్చుకోలేదు. మనం తెలుసుకోగలం, మార్చుకోగలం. అంతరాత్మకు పని అక్కడే మొదలవుతుంది. అయితే ముందుకు నడిచేవారికి తమ వెనక ఏమవుతోందో సరిగా కనిపించదు. మన వివేకం మనకే చాలుననుకోవడం అందుకే ప్రమాదం. మన వల్ల ఎవరి దారి వంగిందో వారినే అడగాలి. వారి జవాబు మనకు ఇబ్బందిగా ఉన్నప్పుడు మరింత శ్రద్ధగా వినాలి.