కారు నెత్తిన అటక

ఒరే అబ్బాయ్, కలిదిండి ఇంట్లో కారు షెడ్డు వేయిస్తున్నావనీ, కారు పైన ఖాళీగా ఉండే జాగాలో ఇనుప అటక కట్టిస్తావనీ మీ అమ్మ చెప్పింది. మంచిదే. అటక లేని ఇల్లు మనవైపు ఇల్లే కాదు. 2024 సెప్టెంబరులో బెజవాడను ముంచిన బుడమేరు నీళ్లు చివరికి మన కొల్లేట్లోకే గదా చేరాలి. పైన పెట్టుకున్న సామానే మనకు మిగిలేది. కాకపోతే పెంకుటింట్లో అటక కిందే మనం పడుకునేవాళ్లం. అందుకే కట్టినవాడు భయపడుతూ కట్టాడు, ఎక్కించినవాడు భయపడుతూ ఎక్కించాడు. కింద ఉండేది కారే గదా అనుకుంటే ఆ భయం పోతుంది. నా బెంగ అదే.

చెరువులు చేసే రోజుల్లో నేనూ ఒకటి కట్టించాను. శ్లాబుకి బోల్టులు కొట్టి, నాలుగు రాడ్లు వేలాడదీసి, వాటికి యాంగిల్ ఫ్రేము బిగించాం. కింద నేలంతా ఖాళీ, చూడ్డానికి భలే ఉండేది. మొదట వలలు పెట్టాను. తర్వాత తవుడు బస్తాలు. ఆ తర్వాత, బుద్ధి గడ్డి తిని, బ్లీచింగు పౌడరు సంచులు. ఆ ఘాటుకి ఇనుము నిలవదురా. రాడ్డు మీద పెయింటు నిగనిగలాడుతూనే ఉంది. బోల్టు శ్లాబులోకి దిగే చోట మాత్రం తుప్పు పొరలు పొరలుగా లేచి, గోటితో గీకితే చేప పొలుసులా రాలింది. అది నేను చూసింది పడ్డాకే. ఒక మధ్యాహ్నం ఓ మూల జారి బస్తాలన్నీ బానెట్ మీదకొచ్చాయి. కారు పోతే పోయింది. పావుగంట ముందు వరకూ మీ పెద్దమ్మ ఆ నీడలోనే పీట వేసుకుని చింతపండు పిక్కలు తీసింది.

అందుకని వేలాడదీయకు, కాళ్ల మీద నిలబెట్టు. బరువు నేల మొయ్యాలి, బోల్టు కాదు. నేలంటే గచ్చు అనుకునేవు! అది మట్టి తోలించి మెరక చేసిన జాగా. నల్లమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. ఒక్కో కాలి కింద గుంత తీయించి కాంక్రీటు దిమ్మె పోయించు. అటక షెడ్డు అంతా పరవకు, బానెట్ పైవరకు చాలు. దూలం నిడివి రెట్టింపైతే, అడుగుకి అదే బరువు పెట్టినా, వంగేది రెండింతలు కాదు, పదహారింతలు. ఎత్తు కొలిచేటప్పుడు బానెట్ పూర్తిగా లేపి కొలువు. వెల్డింగు అతుకుల మీద రెడ్ ఆక్సైడు రెండు కోట్లు వేయించు. మన గాలికి ముందు తుప్పు పట్టేది అక్కడే.

పైన ఏం పెడతావు? పరుపులు, బొమ్మల కొలువు పెట్టె, పండక్కి తప్ప దిగని గిన్నెలు. నిచ్చెన మీద ఒంటి చేత్తో దించలేనిది ఏదీ ఎక్కించకు. తవుడు పెట్టావో, ఎలుకలు దానికోసం వచ్చి పోతూ పోతూ కారు వైర్లు కొరుకుతాయి. బ్లీచింగు సంగతి చెప్పాగా. డీజిలు క్యాను దాని పక్కనే పెట్టేవు, ఆ రెండూ కలిస్తే నిప్పు లేచే ప్రమాదం కూడా ఉంది. చెరువు సామాను చెరువు గట్టు మీదే ఉండనీ.

గుంతలు తీసే రోజు ఫోన్ చెయ్యి, బస్సెక్కి వస్తాను. మిస్త్రీతో నువ్వు మొహమాటపడతావు, నేను పడను. ఇంకోటి, మీ పెద్దమ్మ మీ నాయనమ్మ గంగాళం నీకిస్తానంటోంది. కాళ్లకీ కాళ్లకీ మధ్య ఎడం ఖాయం చేసేముందు దాని అంచు కొలిపించుకో.