వెయ్యి సంవత్సరాలు, ఒక రొట్టెముక్క



మా ఫెలోషిప్‌లో శుక్రవారం సాయంత్రాలు ఒక్కో వారం ఒక్కో ఇంట్లో బైబిల్ స్టడీ జరుగుతుంది. కొన్ని నెలల క్రితం ప్రకటన గ్రంథం 20వ అధ్యాయానికి వచ్చాం. సాతానును బంధించడం, వెయ్యి సంవత్సరాలు, పరిశుద్ధులు క్రీస్తుతో కూడ రాజ్యం చేయడం, మీకు తెలిసిన అధ్యాయమే. గోదావరి జిల్లాలో బ్రదరన్ సంఘంలో పెరిగిన అంకుల్ ఒకరు, "వెయ్యి అని రాసి ఉంటే వెయ్యే. మార్చడానికి మనమెవరం?" అన్నారు. గుంటూరు లూథరన్ కుటుంబానికి చెందిన మరో పెద్దాయన, "అది దర్శనం అండీ. సాతానుకు ఇనుప గొలుసు వేస్తారా? గొలుసు సూచన అయితే సంఖ్య కూడా సూచనే" అన్నారు.

మాట పెరిగి ప్రభురాత్రి భోజనం మీదికి మళ్ళింది. అక్కడ ఇద్దరూ స్థానాలు మార్చుకున్నారు. లూథరన్ పెద్దాయనకు రొట్టెను గూర్చి యేసు చెప్పిన మాట ఉన్నది ఉన్నట్టే నిజం. బ్రదరన్ అంకుల్‌కు అది జ్ఞాపకార్థమైన గుర్తు.

మూలన కూర్చున్న పదకొండో తరగతి అబ్బాయి అప్పుడు నోరు విప్పాడు. "అంకుల్, మీరిద్దరూ ఒకచోట అక్షరాలా, ఒకచోట గుర్తుగా చదువుతున్నారు. చోట్లే వేరు. ఎక్కడ ఎలా చదవాలో ఎవరు చెప్తారు?"

ఆ రోజు స్టడీ నడిపిస్తున్నది నేనే. జవాబు తెలియక, "సరే, ప్రార్థన చేసుకుందాం" అన్నాను. తర్వాతి వారం నుంచి ఒక కుటుంబం రావడం మానేసింది. ఆ అబ్బాయికి నేను బాకీ పడ్డ జవాబే ఈ వ్యాసం.

మనం వచ్చి స్థిరపడిన ఈ దేశంలోనే, ఇదే అధ్యాయం మీద ఒక సంఘం చీలింది. 1838లో ఆగస్ట్ కావెల్ అనే పాస్టరు తన విశ్వాసులతో ప్రష్యా దేశం విడిచి దక్షిణ ఆస్ట్రేలియాకు ఓడలో వచ్చాడు. లూథరన్, రిఫార్మ్డ్ సంఘాలను ఒకే ఆరాధనక్రమం కిందికి తేవాలని అక్కడి రాజు పట్టుబట్టాడు. ఈ రెండు సంఘాల మధ్య ఉన్న ముఖ్యమైన భేదాల్లో ప్రభురాత్రి భోజనం ఒకటి. దాన్ని మసకబార్చే ఆరాధనకు తలవంచడం కన్నా ఊరు వదులుకోవడమే మేలనుకున్నారు వాళ్ళు. 1841లో ఫ్రిట్చే అనే మరో పాస్టరు మరికొందరితో వచ్చి చేరాడు.

ఒకే వాక్యం కోసం సముద్రం దాటిన ఈ ఇద్దరూ అయిదేళ్ళు తిరగకుండానే విడిపోయారు. 1846లో బరోసా లోయలోని బెథనీలో జరిగిన సినడ్‌లో చీలిక వచ్చింది. సంఘ పరిపాలన గురించిన తగాదాలూ ఉన్నాయిగానీ, పెద్ద కారణాల్లో ఒకటి వెయ్యేళ్ళ పాలనే. క్రీస్తు భూమిమీద వెయ్యేళ్ళు రాజ్యం చేస్తాడని కావెల్ ఎదురుచూశాడు. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన 17వ అధికరణం, పునరుత్థానానికి ముందే భక్తులు లోకరాజ్యాన్ని ఏలుతారనే బోధను నిరాకరిస్తుంది. ఫ్రిట్చే వర్గం దాని మీద నిలబడింది. మధ్యలో కొన్ని కలయికలు, మరికొన్ని చీలికలు వచ్చాయి. చివరికి రెండు ప్రధాన పాయలూ కలిసి లూథరన్ చర్చ్ ఆఫ్ ఆస్ట్రేలియాగా ఏర్పడింది 1966 అక్టోబరులో, అదే బరోసా లోయలోని టనుండాలో. అంటే 120 ఏళ్ళు. ఫాదర్ హయ్యర్ గుంటూరుకు వచ్చింది 1842లో. మన తాతముత్తాతలు గుంటూరులో సువార్త విన్న నాటి నుంచి మనవళ్ళు విమానమెక్కే రోజుల దాకా, ఇక్కడ ఒకే లోయలోని లూథరన్లు వేర్వేరు బల్లల దగ్గర మోకరించారు.

ఇక అబ్బాయి ప్రశ్నకు వద్దాం. లూథరు ఈ చిక్కును 1529లో మార్బుర్గ్‌లో ఎదుర్కొన్నాడు. జ్వింగ్లీతో చర్చ మొదలవకముందే బల్లమీద సుద్దముక్కతో యేసు మాటను రాసి పెట్టుకున్నాడని చెబుతారు. లాటిన్‌లో ఆ వాక్యంలో 'అయి ఉన్నది' అనే క్రియ ఉంది. లూథరుకు అది అయి ఉన్నదే. జ్వింగ్లీకి దాని అర్థం 'సూచిస్తున్నది'. పదిహేను అంశాల్లో పద్నాలుగింటి మీద ఏకీభవించినవాళ్ళు, పదిహేనో దానిలో ఆ ఒక్క విషయం దగ్గర ఆగిపోయారు.

తెలుగులో ఆ వాక్యంలో అసలు క్రియే లేదు. "ఇది మా ఇల్లు" అంటాం, అంతే. గుమ్మం ముందు నిలబడి అలా అంటే నిజంగా ఇల్లే. ఫోన్‌లో ఫొటో చూపిస్తూ అదే మాట అంటే అది బొమ్మ. మాటలు మారలేదు, వ్యాకరణం మారలేదు. అయినా విన్నవాడు తికమకపడడు. మాట్లాడేవాడు ఎక్కడ నిలబడ్డాడో, ఏం చూపిస్తున్నాడో చూసి అర్థం చేసుకుంటాడు. కాబట్టి 'ఎక్కడ ఎలా చదవాలి' అన్న ప్రశ్నకు మొదటి జవాబు ఇది: ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో, ఏ రీతిలో మాట్లాడుతున్నారో చూడాలి. ప్రకటన గ్రంథం దర్శనాల పుస్తకం. అందులో గొర్రెపిల్లకు ఏడు కొమ్ములుంటాయి, సంఖ్యలు బొమ్మల్లా పనిచేస్తాయి. ప్రభురాత్రి భోజనం నాటి మాట చనిపోబోయేవాడు తనవాళ్ళకు రాసిచ్చే వీలునామా వంటిదని లూథరు బోధించాడు. వీలునామాలో ఎవరూ పొడుపుకథలు చెప్పరు.

నేను లూథరన్‌ని కనుక ఈ వాదం నాకు బలంగానే కనిపిస్తుంది. కానీ నిజాయితీగా ఒప్పుకోవాలి, దీనితో అంతా తేలిపోదు. అదే రాత్రి యేసు తనను ద్రాక్షావల్లి అని కూడా చెప్పుకున్నాడు కదా అని బ్రదరన్ అంకుల్ అడగవచ్చు. ఆదికాండంలోని ఆరు దినాలను లూథరు మామూలు దినాలుగానే చదివాడు. అతనికి వెయ్యేళ్ళకు పైగా ముందే అగస్టీను దేవుడు సమస్తాన్నీ ఒక్కసారే సృజించాడని, ఆ దినాలు మనం లెక్కపెట్టే దినాలు కావని తలచాడు. ఇద్దరూ వాక్యానికి లోబడినవాళ్ళే. అక్షరార్థమే భక్తికి కొలత అనుకుంటే అగస్టీను తప్పిపోతాడు. సూచనార్థమే జ్ఞానానికి కొలత అనుకుంటే మార్బుర్గ్‌లో లూథరు తప్పిపోతాడు.

"అయితే ఎవరికి తోచినట్టు వాళ్ళు చదువుకోవచ్చు" అని కొందరంటారు. అది సులువైన మాట. ప్రష్యా నుంచి వచ్చినవాళ్ళు అలా అనుకుని ఉంటే ఓడ ఎక్కేవాళ్ళే కాదు. సత్యం ముఖ్యం గనుకనే వాళ్ళు పొలాలు, ఇళ్ళు విడిచిపెట్టారు. ఆ తర్వాతి తరాలవాళ్ళు నేర్చుకున్నది మరొకటి: ప్రతి భేదమూ బల్లను చీల్చవలసిన భేదం కాదు. ఏకీకరణ కోసం కూర్చున్నప్పుడు వాళ్ళు మొట్టమొదట పరిశీలించిన అంశాల్లో ఇదీ ఒకటి. ఏ భేదం సహవాసాన్ని తెంచుతుంది, దేన్ని ఓర్చుకోవచ్చు? అది తేల్చుకోవడానికి ఏళ్ళు పట్టింది.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది మరొక సంగతి. మనం ఒప్పుకోని వాక్యాల మీద గంటలు వాదిస్తాం. అందరం ఒప్పుకొనే వాక్యాలను మాత్రం మెల్లగా సూచనార్థంలోకి జారవిడుస్తాం. బలిపీఠం దగ్గర అర్పణ విడిచి, ముందు వెళ్ళి సహోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పిన మాట (మత్తయి 5:23-24) లూథరన్‌కూ బ్రదరన్‌కూ బాప్టిస్టుకూ ఒకేలా అర్థమవుతుంది. ఎంతమందిమి అక్షరాలా చేశాం? ఎదుటివారిని కట్టేసే వాక్యం మనకు అక్షరార్థం. మన కాళ్ళను కట్టేసేది వచ్చేసరికి "దాని ఆత్మీయ భావం ఏమిటంటే" అని మొదలుపెడతాం.

బాబూ, నీకు నేను చెప్పగలిగింది ఇంతే. ఏ వాక్యమైనా ఎవరు మాట్లాడుతున్నారో, ఏ రీతిలో మాట్లాడుతున్నారో చూసి చదువు. నీకు ఇష్టమైన అర్థం దొరికినప్పుడు ఇంకోసారి చదువు. ఖరీదు తక్కువగా అనిపించే అర్థం దొరికితే మూడోసారి చదువు.

నా సంగతి చెబుతాను. రావడం మానేసిన ఆ కుటుంబం మా ఇంటికి పది నిమిషాల దూరంలోనే ఉంటుంది. వచ్చే ఆదివారం మా ఫెలోషిప్‌లో ప్రభురాత్రి భోజనం. రొట్టె గురించి ఆ అంకుల్‌కూ నాకూ ఇంకా పడదు. వెయ్యేళ్ళ గురించి అసలే పడదు. అయినా శనివారం సాయంత్రం వాళ్ళ తలుపు తట్టాలని నిశ్చయించుకున్నాను. ప్రభువు చెప్పిన ఆ ఒక్క మాటను ఈసారి అక్షరాలా చదవాలనుంది. మీరూ ప్రార్థించండి.