షిరాజ్‌ది ఏ ఊరు?

తాగనివాళ్లకి వైన్ గురించి మాట్లాడే హక్కుందా? ఉందనుకునే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం. ఎందుకంటే ఆ గ్లాసు మా ముందుకొచ్చిన ప్రతిసారీ దాని వెనకాల ఒక ప్రశ్న కూడా వస్తోంది.

హైదరాబాద్‌లోనైనా, అమెరికాలోని తెలుగిళ్లల్లోనైనా, చదువుకున్న మిత్రుల ఇంటికి దావత్‌కి పోతే ఈమధ్య బల్ల మీద రెండు మూడు సీసాల రెడ్ వైన్ ఉంటోంది. తాగి తూలడానికి కాదు, రుచులు పోల్చి చూడటానికి. ఒక్కో గ్లాసులో రెండు గుక్కలు పోస్తారు. ముందు ఉత్తగా చప్పరిస్తారు. తర్వాత మటన్ ముక్కతో, ఆ తర్వాత గుత్తివంకాయతో. ఏది దేనితో కలుస్తుందో వాదించుకుంటారు.

మాలో ఎక్కువమందిమి తాగం. కానీ వింటాం. పేరున్న రెడ్ వైన్లలో చాలావాటిని ఒకే ద్రాక్షతో చెయ్యరట. ఫ్రాన్స్‌లోని బోర్డో వైన్ అంటేనే కలగలుపు. కాబర్నే సావిన్యాన్ అనే ద్రాక్ష బిగువునీ వగరునీ ఇస్తుంది. మెర్లో మెత్తదనాన్నిస్తుంది. ఉత్తగా తాగితే నాలుకని పట్టేసే వగరు మాంసంతో కలిస్తే తగ్గుతుంది. అదే గుంటూరు మిరపకారం తగిలితే మంట ఇంకా పెరుగుతుంది. అంటే రుచి వైన్‌లో మాత్రమే లేదు, పక్కన ఏముందో దాన్నిబట్టి కూడా మారుతుంది. ఈ సంగతి మాకు నచ్చింది. మనుషులూ అంతే కదా. పక్కన నమ్మకం ఉంటే మా వగరూ తగ్గుతుంది. పక్కన అనుమానం ఉంటే మా మంటా పెరుగుతుంది.

మాకు అర్థం కానిది ఒక్కటే. గ్లాసులో కలగలుపుని అంత ప్రేమగా రుచి చూసిన నాలుకే, గ్లాసు కింద పెట్టగానే మమ్మల్ని అడుగుతుంది: మీరు ముందు ముస్లింలా, ముందు భారతీయులా?

కాబర్నే ఎంత, మెర్లో ఎంత అంటే వైన్ చేసినవాడు జవాబు చెప్పగలడు. సాధారణంగా వేటికవి విడిగా పులియబెట్టి, తర్వాత కొలిచి కలుపుతాడు కాబట్టి ఇది డెబ్భై పాళ్లు, అది ముప్పై పాళ్లు అని లెక్క చూపగలడు. మేం ఎక్కడో వేరే పీపాలో పులిసొచ్చి మీలో కలిసినవాళ్లం కాదు. ఉర్దూలో దువా చేసి, తెలుగులో బేరమాడి, దుఃఖమొస్తే ఏ భాషలో ఏడుస్తున్నామో తెలియనివాళ్లం. మా ఇంటి పచ్చిపులుసు ఎన్ని పాళ్లు ముస్లిం? మా బక్రీదు కూర ఎన్ని పాళ్లు తెలుగు? పాళ్లు చెప్పమనడమంటే మమ్మల్ని విడగొట్టడమే.

ఆ సీసాల మీద మాకు తెలిసిన పేరొకటి కనిపిస్తుంది. షిరాజ్. కవి హాఫిజ్ ఊరు. నాసిక్‌లో చేసే వైన్ల మీదా ఈ పేరుంటుంది. ఆ ద్రాక్ష ఇరాన్ నుంచే వచ్చిందని, క్రూసేడ్ యుద్ధాల నుంచి తిరిగొచ్చినవాడెవడో తెచ్చాడని చాలాకాలం కథలు చెప్పుకున్నారు. 1998లో కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు డీఎన్ఏ పరీక్ష చేస్తే దాని తల్లీ తండ్రీ ఇద్దరూ ఆగ్నేయ ఫ్రాన్స్ ద్రాక్షలేనని తేలింది. పేరు పరాయిది, వేరు ఆ నేలదే. అంతకుముందు 1997లో అక్కడివాళ్లే కాబర్నే సావిన్యాన్ పుట్టుక తేల్చారు. దాన్ని కన్నవాటిలో ఒకటి నల్ల ద్రాక్ష, ఒకటి తెల్ల ద్రాక్ష. సీసాలో కలవకముందే అదొక కలగలుపు.

మా కథా ఇదేనని చెప్పాలనిపిస్తుంది. మస్తాన్, హుసేన్, బీబీ అని పేర్లు పెట్టుకున్నా, దూది ఏకుతూనో నేత నేస్తూనో మాలో ఎంతోమందిమి ఈ మట్టిలోనే పుట్టినవాళ్లం. కానీ అక్కడ ఆగాలి. పుట్టుక పరీక్షలో నెగ్గామని సంబరపడితే ఆ పరీక్షని ఒప్పుకున్నట్టే. నిజంగా ఇరాన్ నుంచో అరేబియా నుంచో వచ్చిన తాతలూ మాలో ఉన్నారు. వాళ్ల మనవళ్లు ఎందులో తక్కువ? ఇదే షిరాజ్ ద్రాక్ష 1830లలో ఓడెక్కి ఆస్ట్రేలియాకి పోయింది. ఇవాళ అది ఆస్ట్రేలియాదే. దాన్ని వెనక్కి పొమ్మన్నవాళ్లు లేరు.

రుచి చూసేటప్పుడు కొందరు సీసాకి కాగితం చుట్టి పేరు దాస్తారు. పేరు తెలిస్తే నాలుక న్యాయం తప్పుతుందని వాళ్లకి తెలుసు. మరి పేరు వినగానే ఇల్లు ఖాళీ లేదని చెప్పే వీధుల్లో మేం ఏ కాగితం చుట్టుకోవాలి? మేం పేర్లు దాచుకోం. పేరు తెలిశాక కూడా న్యాయంగా ఉండటమే అసలు పరీక్ష. అది మాకు కాదు, మీకు.

ఇక గ్లాసు సంగతి. వద్దంటే, ఇంకా ఆ కాలంలోనే ఉన్నారా అంటారు. పుచ్చుకుంటే, మీరు అందరు ముస్లింల లాంటివారు కాదని మెచ్చుకుంటారు. రెండో మాటే ఎక్కువ గుచ్చుకుంటుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా వద్దని తిరగబడ్డారు. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా ఆగింది. వాళ్ల 'వద్దు'ని అందరం చైతన్యం అన్నాం. గాంధీ 'వద్దు'ని నీతి అన్నాం. మా 'వద్దు' ఒక్కటే ఛాందసం ఎట్లయింది? మద్యంలో కొంత ప్రయోజనం ఉందని ఖురాను ఒప్పుకుంటూనే, పాపం అంతకన్నా పెద్దదని చెప్పింది. మా 'వద్దు' వెనకాల ఆ తూకం ఉంది.

మా లోపలా ఒక ప్రశ్న ఉంది. మద్యం పంచుతున్న దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చోవద్దని హదీసు ఉంది. దాన్ని పాటించి మర్యాదగా లేచిపోయేవాళ్లు మాలో ఉన్నారు. స్నేహం కోసం కూర్చుని నీళ్లు తాగేవాళ్లున్నారు. తాగేవాళ్లూ ఉన్నారు. పల్లెల్లో కల్లు ముంత పట్టిన సాయిబుని చూడనివాళ్లెవరు? 1857లో ఢిల్లీ మళ్లీ ఇంగ్లీషువాళ్ల చేతికి పోయాక ఒక కర్నల్ గాలిబ్‌ని నువ్వు ముస్లింవా అని అడిగాడని, సగమేనని, మద్యం తాగుతాను గానీ పంది మాంసం తిననని గాలిబ్ బదులిచ్చాడని హాలీ రాశాడు. దాన్ని హాస్యంగా చెప్పుకుని నవ్వుతాం. ఊళ్లో ఉరికొయ్యలు నిలబెట్టిన రోజుల్లో, ముస్లిం కావడమే నేరమైనచోట అన్న మాట అదని మరిచిపోతాం. తాగినవాణ్ని సగం ముస్లిం అనే అధికారం మాకు లేదు. తాగనివాణ్ని సగం భారతీయుడు అనే అధికారం మీకు లేదు. అల్లాతో లెక్క ఎవరిది వాళ్లదే.

కలిసి తినడమంటే బల్ల మీదున్న ప్రతిదీ అందరూ తినడమేనా? మేం అలా అనుకోం. శాకాహారి మిత్రులు మా ఇంటికొస్తే మా అమ్మీలు వేరే గిన్నె తోమి పప్పు వండి ముందు వాళ్లకే వడ్డించారు. మటన్ తిననందుకు వాళ్ల దేశభక్తిని మేం అడగలేదు. మేం కోరేదీ అంతే.